సూపరింటెండెంటు గారి చెయ్యి

తాటిబెల్లానికీ, బొమ్మలో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలన్న సంగతికీ ఏమిటి సంబంధమని ఇవాళ కాకినాడలో అందరూ అడుగుతున్నారు. అడగవలసిన రోజున మాత్రం రాష్ట్ర తాటిబెల్లం మండలిలో నోరున్న ప్రతివాడూ తల ఊపాడు. తల ఊపడానికి అప్పటికింకా నియమాలు రాలేదు.

మండలి మేనేజింగ్ డైరెక్టరు చక్రధరరావుగారిని, ఐరోపాలో తాటిబెల్లానికి గిరాకీ ఉందేమో చూసి రమ్మని ప్రభుత్వం పంపింది. గిరాకీ లేదు. ఆ సంగతి మొదటిరోజు పొద్దున్నే తేలిపోయింది. మిగిలిన రోజులు ఎలా గడపాలో తెలియలేదు. పైగా ముసురు పట్టింది. తడవకుండా నిలబడదామని ఆయన ఒక పెద్ద మేడలోకి దూరారు. అది చిత్రశాల. గోడలనిండా మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి దొరలు, దొరసానులు. ఆ కాలపు చిత్రకళని అక్కడివాళ్లు బరోక్ అంటారు. చూడవచ్చిన జనానికి గైడు ఒకావిడ వివరించి చెబుతోంది. ఈయన గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు, అంటే నిష్కపటి. ఈయన నడుం మీద చెయ్యి పెట్టి మోచెయ్యి మన మీదికి పొడిచాడు, అంటే అధికారం చలాయించేవాడు. ఈయన ఒక చేతికి తొడుగు తీసి రెండో చేత్తో పట్టుకున్నాడు, అంటే పెద్దింటివాడు. ఈమె చూపుడువేలు చెంపకి ఆనించింది, అంటే ఆలోచనాపరురాలు.

చక్రధరరావుగారు గొడుగు మూసి విన్నారు. వాన వెలిసినా కదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆ బొమ్మల పుస్తకం కూడా కొన్నారు. అది డచ్చి భాషలో ఉంది. చేతుల భాష తెలిసినవాడికి డచ్చి భాషతో పనేమిటని ఆయన అభిప్రాయం.

వచ్చిన మర్నాడే సిబ్బందిని సమావేశపు హాల్లో కూర్చోబెట్టారు.

"మన మండలి పుట్టిన దగ్గర్నుంచీ నష్టాల్లోనే ఎందుకుంది?" అని అడిగారు.

వానాకాలం బెల్లం బూజు పడుతుంది, డబ్బాలు తుప్పు పడతాయి, తాటిచెట్టెక్కేవాళ్లకి మండలి ముఖం చూడాలంటేనే విసుగు. ఇవన్నీ అందరికీ తెలుసు. తెలిసిన సంగతి పైవాడికి చెప్పడం ఆ ఆఫీసులో మర్యాద కాదు. ఆయన గోడ మీద వరసగా ఉన్న మాజీ డైరెక్టర్ల ఫొటోలు చూపించారు.

"వీటిలో ఏం లోపించిందో చెప్పండి."

సూపరింటెండెంటు గున్నేశ్వరరావు లేచి, "దండలండి," అన్నాడు. "ఆర్డరు పెట్టిస్తానండి."

"చేతులయ్యా. అందరికీ ఛాతీ దగ్గరే కోసేశారు. చేతుల్లేని నాయకత్వం ఏం సాధిస్తుంది?"

ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమనే రకాలే ఆ హాలునిండా. ఇన్నాళ్లూ ఇంత పెద్ద లోపం కళ్లెదుట పెట్టుకుని ఎలా బతికామా అని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

చివరి కుర్చీలో దంగేటి నూకరాజు కూర్చుని ఉన్నాడు. మండలిలో లేబుళ్ల చిత్రకారుడతను. కుర్రతనంలో బొమ్మల బడిలో ఎర్రసుద్దతోనూ నల్లసుద్దతోనూ మనుషుల్ని గీయడం నేర్చుకున్నాడు. ఉద్యోగం వచ్చాక గీసిందల్లా తాటిచెట్టు, దాని వెనక సూర్యుడు. ఆ సూర్యుడు ఉదయిస్తున్నాడా, అస్తమిస్తున్నాడా అని ఒకసారి రెండేళ్లు ఫైలు నడిచింది. కాబట్టి, అధికారులందరికీ చేతులతో సహా బొమ్మలు వెయ్యాలి, నువ్వే వెయ్యాలి అని డైరెక్టరుగారు అన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నూకరాజు సంబరపడ్డాడు. తాటిచెట్టుకి చేతులుండవు కదా. ఆ సంబరం ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

అప్పుడే అప్పలకొండ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. తుని వైపు మనిషి. ఆ ఆఫీసులో నీళ్లు మోసేదీ, గదులు ఊడ్చేదీ, టీ కాచేదీ ఆవిడే. వయసులో ఉండగా రోజుకూలీ మీద చేరింది, ఇప్పటికీ రోజుకూలీయే. ఎన్నాళ్లకో మండలికి శాశ్వత అటెండరు పోస్టు ఒకటి మంజూరైంది. అది అప్పలకొండదేనని గోడల మీది బల్లులకి కూడా తెలుసు. కావలసింది ఫైలు మీద సూపరింటెండెంటు సంతకం ఒక్కటే. ఉగాది దాటితే ఆవిడకి వయసు మించిపోతుంది. ఇక ఎవరు తలుచుకున్నా ఇవ్వడానికి వీలుండదు.

"నా కాయితం సంగతి సూడండి బాబూ," అంది గున్నేశ్వరరావు ముందు గ్లాసు పెడుతూ.

"చూస్తానే. ముందు ఈ చేతుల వ్యవహారం తేలనీ," అన్నాడతను.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా మండలి సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి, ఎవరి చెయ్యి ఎక్కడ ఉండవలెనో హోదాల వారీగా నిర్ణయించారు. డైరెక్టరుగారికి ఎడమచెయ్యి నడుం మీద, కుడిచెయ్యి బెల్లపు అచ్చు మీద. సూపరింటెండెంట్లకి కుడిచెయ్యి గుండె మీద. సీనియర్ సహాయకులకి చూపుడువేలు చెంప మీద. జూనియర్లకి ఒక చెయ్యి ఫైలు మీద, రెండోది కనపడకూడదు. అటెండర్లూ కాపలాదార్లూ రోజుకూలీల విషయంలో, "వీరి చిత్రములందు హస్తములు పూర్తిగా వర్జనీయములు" అని ఉంది.

మొదటి బొమ్మ గున్నేశ్వరరావుది. నూకరాజు బెల్లం అచ్చులు చుట్టే గోధుమరంగు కాగితం గోడకి తగిలించి, సుద్దలు చెక్కుకుని కూర్చున్నాడు. చాలా ఏళ్ల తర్వాత మనిషిని గీస్తున్నాడు కాబట్టి ఒళ్లు దగ్గరపెట్టుకుని గీశాడు. పొట్టి వేళ్లు, మూడు ఉంగరాలు, బొటనవేలికి కిళ్లీ సున్నం, అన్నీ వచ్చాయి. చక్రధరరావుగారు డచ్చి పుస్తకం పక్కన పెట్టుకుని ఆ బొమ్మను పరిశీలించారు.

"ఇది గుండె మీద చెయ్యి కాదు. జేబు తడుముకుంటున్న చెయ్యి," అన్నారు.

అది అబద్ధమేమీ కాదు. అయినా గున్నేశ్వరరావు మొహం మాడిపోయింది. సాయంత్రానికి నూకరాజుకి మెమో ఇచ్చాడు. "అధికారి హస్తమును ఉన్నది ఉన్నట్లుగా చిత్రించినందులకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను" అని అందులో ఉంది.

ఇంటికొచ్చి నూకరాజు తల పట్టుకుని కూర్చున్నాడు. బొమ్మల బడిలో ముసలి మాస్టారు చెప్పిన మాట అప్పుడు జ్ఞాపకమొచ్చింది. ఆ బరోక్ కాలంలో పెద్ద పెద్ద చిత్రకారులు దొరగారిని కాసేపు కూర్చోబెట్టి మొహం మాత్రం గీసుకుని పంపేసేవారట. చేతుల కోసం అందమైన వేళ్లున్నవాళ్లని కూలికి పిలుచుకునేవారట. అంటే గోడల మీద ఆ నిష్కపటం, ఆ ఠీవి, ఆ పెద్దరికం అన్నీ ఎవరో కూలివాళ్లవి. డైరెక్టరుగారికి ఆ గైడు ఈ ముక్క చెప్పలేదో, చెప్పేవేళకి ఈయన పుస్తకం కొనడానికి వెళ్లారో.

నూకరాజు తలెత్తి చూశాడు. ఎదురుగా మంచం మీద బావమరిది బుల్లబ్బాయి పడుకుని ఉన్నాడు. ఉద్యోగం చూసుకుంటానని వచ్చి అక్కగారింట్లో స్థిరపడ్డ మనిషి. మంచినీళ్లు కావాలన్నా, "అక్కా" అని పిలిచి ఆగుతాడు. ముప్ఫై దాటినా చేత్తో చెంబెత్తి ఎరగడు. అందుకేనేమో, ఆ చేతులు మహారాజుల చేతుల్లా ఉంటాయి. సన్నటి పొడుగాటి వేళ్లు, గులాబిరంగు గోళ్లు, ఎక్కడా చిన్న గీత లేదు. కుడిచేతి బొటనవేలి మొదట్లో ఒక పుట్టుమచ్చ మాత్రం ఉంది.

"ఒరేయ్, ఆ చెయ్యి గుండె మీద పెట్టుకో."

"ఎంతసేపు బావా?"

"గంట."

"గంటేం ఖర్మ, రాత్రి దాకా ఉంటాను," అన్నాడు బుల్లబ్బాయి. చెప్పినట్టే ఉన్నాడు. చెయ్యి కదపకుండా ఉండడం వాడికి ఎవరూ నేర్పనక్కర్లేని విద్య. అన్నం వేళకి వాళ్లక్క రత్నం, "పాపం, ఎంతసేపట్నుంచి కష్టపడుతున్నాడో," అని ముద్దలు కలిపి పెట్టింది.

గున్నేశ్వరరావు మొహం కింద బుల్లబ్బాయి చెయ్యి అతికింది. చక్రధరరావుగారు దాన్ని డచ్చి పుస్తకంలోని బొమ్మలతో పోల్చి చూశారు.

"ఇదయ్యా నిష్కపటం," అన్నారు చివరికి. "ఈ మచ్చ ఏమిటి?"

"ఉందండి," అన్నాడు నూకరాజు. ఉన్నది గీయడమే తప్ప మానడం అతనికి చేతకాదు. చెయ్యి మార్చాడు గాని మచ్చ మానలేకపోయాడు.

"ఉండాలి. అధికార లక్షణం అది," అని ఆయన డచ్చి పుస్తకం మూసేశారు.

ఆ తర్వాత ఆఫీసులో ఉన్న అధికారులందరికీ బుల్లబ్బాయి చేతులే వచ్చాయి. చెంప మీద వేలు వాడిదే, ఫైలు మీద చెయ్యి వాడిదే, డైరెక్టరుగారి నడుం మీది చెయ్యీ వాడిదే. కుడిచెయ్యి కనబడిన ప్రతి బొమ్మలోనూ మచ్చ ఉంది. అది తమ సొంత చెయ్యి కాదని ఒక్కరూ అనలేదు. ఇన్నాళ్లూ తమ చేతుల్ని తామే సరిగ్గా చూసుకోలేదని అనుకున్నారు. కొందరు రోజూ పొద్దున్నే బొటనవేలి మొదట్లో సిరాచుక్క పెట్టుకుని ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు.

చక్రధరరావుగారు అక్కడితో ఆగలేదు. ఇకమీదట పదోన్నతులకి రహస్య నివేదికలు అక్కర్లేదు, బొమ్మలో చెయ్యి చూసి నిర్ణయిస్తామన్నారు. ఈ లెక్కన గున్నేశ్వరరావు ప్రధాన సూపరింటెండెంటు అయ్యాడు. ఇంకొన్నాళ్లకి రెండో సర్క్యులర్ వచ్చింది. బొమ్మలో ఒకలాగా, కుర్చీలో ఒకలాగా ఉండడం మోసం కిందికి వస్తుంది గనక, పనివేళల్లో ప్రతి ఉద్యోగీ తన చిత్రములోని భంగిమను పాటించవలెను. చేతుల్ని వాడితే గాని తన పని సాగదు గనక, చిత్రకారుడికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

కోనసీమ నుంచి తాటిచెట్లెక్కేవాళ్లు నలుగురు ఒకరోజు ఆఫీసుకొచ్చారు. బెల్లం కాచే బానలకి చిల్లులు పడ్డాయి, కొత్తవి ఇప్పించమని అడగడానికి వచ్చారు. హాల్లోకి అడుగుపెట్టి నిలబడిపోయారు. ఒకవైపు వరసంతా గుండెల మీద చేతులేసుకుని ఉంది. ఇంకోవైపు వరసంతా చెంపలకి వేళ్లానించుకుని ఉంది.

"ఏటండీ," అన్నాడు అందులో పెద్దాయన మెల్లగా, పక్కనే నిలబడ్డ నూకరాజుతో, "పెద్దోళ్లెవరైనా పోయారా?"

గున్నేశ్వరరావు గుండె మీద చెయ్యి తియ్యకుండానే, "మీ విన్నపమును మండలి నిష్కపటముగా ఆలకించినది," అన్నాడు.

"ఆలకించారు సరేనండి, బానలు ఎప్పుడిత్తారు?"

"అది ఆలోచన విభాగం వారు చూడవలసి ఉంటుంది," అని చెంప మీద వేళ్లున్న వరస కేసి కళ్లతో చూపించాడు. ఆలోచన విభాగం సాయంత్రం దాకా ఆలోచించింది. వేళ్లు చెంప మీంచి తీస్తే గాని కాగితం ముట్టుకోవడానికి లేదు. చెట్లెక్కేవాళ్లు ఆఖరి బస్సుకి తిరిగి వెళ్లిపోయారు. ఆ ఏడు ఆ చిల్లుల్లోంచి ఎంత పానకం నేలపాలైందో ఏ చిత్రంలోనూ రాలేదు.

అప్పలకొండ ఫైలు కూడా ఈ గొడవలోనే చిక్కుకుంది. గున్నేశ్వరరావు సంతకం పెట్టాలంటే కుడిచెయ్యి గుండె మీంచి తియ్యాలి. తీస్తే నిష్కపటం పోతుంది. ఎడంచేత్తో పెడితే చెల్లదు. "చూశావూ, నాకు నీ మీద కోపమేం లేదే. చెయ్యి ఖాళీ లేదు," అన్నాడు ఆవిడతో. ఉగాది దగ్గర పడుతోంది.

ఆవిడ వచ్చి నూకరాజు గదిలో కూలబడింది.

"మీరైనా సెప్పండి బాబూ. నా మొగుడు పోయిన్నాడు కూడా ఈ ఆఫీసుకి నీళ్లు పోసే ఎల్లేను. ముసలిదాన్నయ్యేక నెలకింతని వస్తాదనే కదా."

నూకరాజుకి తను సరదా కొద్దీ గీసిన గీత ఆవిడ గొంతుకి చుట్టుకుంటోందని తెలుస్తూనే ఉంది. ధైర్యం చేసి చక్రధరరావుగారి దగ్గరికెళ్లాడు. ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నారు.

"పోస్టు ఇవ్వాలంటే చెయ్యి చూడాలి. ఆ హోదాకి చెయ్యి వర్జనీయం. చెయ్యి లేనిదే పోస్టు లేదు, పోస్టు లేనిదే చెయ్యి లేదు. నియమంలో ఎక్కడా సందు లేదయ్యా," అని మురిసిపోయారు. నూకరాజు వెళ్లకుండా నిలబడేసరికి, ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా మణికట్టు దాకా ఒక చెయ్యి మంజూరు చేశారు.

ఆ మధ్యాహ్నం నూకరాజు ఆవిడని కూర్చోబెట్టి నిజం చెయ్యే గీశాడు. లావెక్కిన కణుపులు, వేడి గిన్నెలు పట్టుకుని మొద్దుబారిన వేళ్ల చివళ్లు, బకెట్టు పట్టీ ఒరుసుకుని అరచేతికి అడ్డంగా పడిన కాయ, ఎప్పుడో మరిగే టీ ఒలికి కాలిన మచ్చ. గీయడం అయ్యాక, తన జన్మలో ఇంతకన్న మంచి బొమ్మ వెయ్యలేదని అతనికి అర్థమైంది. దీన్ని తీసుకెళ్తే ఆవిడకి ఉద్యోగం రాదని కూడా అర్థమైంది. దాన్ని చుట్టి, ఇంటికి తీసుకెళ్లి అటక మీద పెట్టాడు. ఇంకో కాగితం మీద ఆవిడ మొహం గీసి, దాని కింద బుల్లబ్బాయి చెయ్యి వేశాడు.

అప్పలకొండ చూసింది. "ఇది నా సెయ్యి కాదు కదండీ."

"కాదమ్మా. ఇదైతే పనవుతుంది."

"మరి ఉజ్జోగం వస్తే నాకొస్తాదా, దానికొస్తాదా?" అంది. నూకరాజు నవ్వేసి ఊరుకున్నాడు. అతను ఆ క్షణాన నవ్వకుండా ఆలోచించి ఉంటే బాగుండేది.

బొమ్మ పరిశీలనకి వెళ్లింది. పరిశీలన సంఘానికి గున్నేశ్వరరావు అధ్యక్షుడు. చూస్తూ చూస్తూ బిగుసుకుపోయాడు. తన బొమ్మ తెప్పించి పక్కన పెట్టించాడు. అదే చెయ్యి, అవే వేళ్లు, బొటనవేలి మొదట్లో అదే అధికార లక్షణం.

"ఇది నా చెయ్యి," అన్నాడు. "నీళ్లు మోసే మనిషి నా చెయ్యి పెట్టుకుని తిరుగుతోందండి."

విచారణ వేశారు. అభియోగపత్రంలో, "ఉన్నతాధికారి హస్తమును అనుమతి లేకుండా, దురుద్దేశముతో, తన శరీరమున ధరించుట" అని రాశారు. పోస్టు మాట దేవుడెరుగు, రోజుకూలీ కూడా పోయేలా ఉంది. చక్రధరరావుగారు బల్ల వెనక నిలబడ్డారు. నడుం మీద చెయ్యి, బెల్లపు అచ్చు మీద చెయ్యి. ఆయన ముందు అప్పలకొండ తడి చేతులు చీరచెంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"ఈ చెయ్యి నీకెక్కడిది?"

"నాకు దేవుడిచ్చినవి రెండేనండి. ఇవిగో. ఆ మూడోది ఎవరిదో నన్నడగకండి."

ఇక నూకరాజు ఉండబట్టలేకపోయాడు. లేచి అంతా చెప్పేశాడు. ఆ చెయ్యి ఆవిడదీ కాదు, సూపరింటెండెంటు గారిదీ కాదు, ఈ గోడల మీద ఉన్న చేతులన్నీ తన బావమరిది బుల్లబ్బాయివి, వాడు పుట్టి బుద్ధెరిగి ఒక్క పనీ చెయ్యలేదు, అందుకే అవి అంత అందంగా ఉన్నాయి అన్నాడు. చెబుతుంటే గుండె తేలికపడింది. ఈ దెబ్బతో ఈ పిచ్చంతా కుప్పకూలుతుంది, సిగ్గుపడి సర్క్యులర్లు చింపేస్తారు, ఆవిడ ఫైలు మీద సంతకం పడుతుంది అనుకున్నాడు. అన్నేళ్లు ఆ ఆఫీసులో పనిచేసి కూడా అలా అనుకోగలిగాడంటే అతని అమాయకత్వానికి దండం పెట్టాలి.

సిరాచుక్కలున్న బొటనవేళ్లు ఒకటొకటే బల్లకిందికి వెళ్లాయి. చక్రధరరావుగారు సూపరింటెండెంటు వైపు తిరిగారు.

"గున్నేశ్వరరావుగారూ, ఈ చేతులు ఉత్తమమైనవని మండలి లిఖితపూర్వకముగా ధ్రువీకరించిందా?"

"ధ్రువీకరించిందండి."

"వాటిని బట్టి పదోన్నతులు ఇచ్చామా?"

"నాకే ఇచ్చారండి," అన్నాడు గున్నేశ్వరరావు చిన్న గొంతుతో.

"మండలి తప్పు ధ్రువీకరించదు. కాబట్టి చేతులు మండలివే. మండలి ఆస్తి ఇన్నాళ్లుగా ఏ రక్షణా లేకుండా ఒక ప్రైవేటు ఇంట్లో మంచం మీద పడి ఉంది. రేపు ఏ చేపల మండలివాళ్లో ఎత్తుకుపోతే మన గతేమిటి? వెంటనే లోపలికి తీసుకోవాలి. మన దగ్గర ఖాళీ పోస్టు ఏముంది?"

ఎవరూ చెప్పవలసిన అవసరం లేదు. ఖాళీగా ఉన్న పోస్టు ఒక్కటే.

నూకరాజు ఇంటికి పరిగెత్తాడు. అటక మీది బొమ్మ తెచ్చి డైరెక్టరుగారి బల్ల మీద పరిచాడు. "ఇది అప్పలకొండ సొంత చెయ్యండి. దీన్ని చూసి నిర్ణయించండి," అన్నాడు. రొప్పుతున్నాడు.

చక్రధరరావుగారు ఆ చేతిని చూశారు. అన్యాయం చెయ్యకూడదు, శ్రద్ధగానే చూశారు. చేతులు కదపకుండా డచ్చి పుస్తకం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నూకరాజు చేత తిప్పించారు.

"ఇదేం భంగిమ? ఇలాంటి చెయ్యి ఇందులో ఎక్కడా లేదే."

"పని చేసే చెయ్యండి."

"అదేనయ్యా నేను చెప్పేదీ. ఇందులో లేదు," అని పుస్తకం మూయించి, బొమ్మ చుట్టి తీసుకుపొమ్మన్నారు.

బుల్లబ్బాయికి ఉద్యోగమొచ్చిందని రత్నం వీధి వీధంతా పూతరేకులు పంచింది. "నా తమ్ముడి చేతిలో ఏదో ఉందని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నానా లేదా," అని మొగుడి నోట్లో ఒకటి పెట్టింది. నూకరాజు దాన్ని మింగలేక కక్కలేక అవతలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఉత్తర్వు వచ్చింది. అప్పలకొండ దాన్ని తెచ్చి నూకరాజు చేతిలో పెట్టి చదవమంది. అతను చదివాడు. బుల్లబ్బాయి శాశ్వత అటెండరు. అతని హస్తములు మండలి మూలాధారములు గావున, బరువులు ఎత్తుట, వేడి వస్తువులు పట్టుట, ఊడ్చుట, తుడుచుట నిషిద్ధము. ఆయా పనులను అప్పలకొండ యథాప్రకారము రోజుకూలీపై నిర్వర్తించును. టీ గ్లాసు వేడిగా ఉండునట్టిది గావున, సదరు బుల్లబ్బాయికి టీ తాగించు బాధ్యత కూడా ఆమెదే.

చదవడం అయ్యేసరికి నూకరాజుకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా వల్లే ఇంతా జరిగిందమ్మా," అన్నాడు.

అప్పలకొండ కాగితం వెనక్కి తీసుకుంది. "ఆడి పని నేను సేస్తాను, జీతం ఆడు పుచ్చుకుంటాడు. అంతే కదండీ?" అంది. "ఇన్నాళ్లూ జరిగిందీ అదే. దానికింత పెద్ద కాయితమెందుకండీ?"

వెళ్లి పొయ్యి ఆర్పింది. గిన్నెలు తోమి బోర్లించింది. నీళ్ల బకెట్టు సూపరింటెండెంటు గారి గది గుమ్మంలో పెట్టి, చెప్పులు తొడుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ బకెట్టు చూసి కూడా గున్నేశ్వరరావు లేవలేదు. గుండె మీద చెయ్యి ఉంది కదా.

రెండు రోజులు మండలికి మంచినీళ్లు లేవు. మూడోరోజు చక్రధరరావుగారు అన్ని హోదాల చేతుల్నీ సమీక్షించి, ఏ భంగిమలోనూ లేని చేతులు ఆఫీసులో ఒక్క చిత్రకారుడికే ఉన్నాయని గుర్తించి, అప్పలకొండ పనులన్నీ అతనికి అప్పగించారు. ఆ సాయంత్రం నూకరాజు నీళ్లు మోసి, పొయ్యి రాజేసి, టీ కాచి, వరసగా అన్ని బల్లల మీదా గ్లాసులు పెట్టుకుంటూ వచ్చి బుల్లబ్బాయి బల్ల దగ్గర ఆగాడు. బకెట్టు పట్టీ ఒరుసుకుని అరచెయ్యి మండుతోంది. ఇరవై ఏళ్ల నుంచో, ముప్ఫై ఏళ్ల నుంచో ఆవిడ ఈ మంటతోనే ఈ గదులన్నీ తిరిగిందని అప్పుడు తెలిసి, సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"తాగరా," అన్నాడు గ్లాసు బల్ల మీద పెట్టి. "చెయ్యి పెట్టి తాగు."

బుల్లబ్బాయి నొచ్చుకున్నాడు. చేతులు మెత్తటి దిండు మీద అలాగే ఉంచి, గోడకి అంటించిన ఉత్తర్వు వైపు కళ్లతో చూపించి, నోరు తెరిచాడు.